పదకొండు చీటీలు

తలుపు తోస్తూనే ఆమె ఊపిరి బిగబట్టింది. కాలు విరిగిన అక్కకు పది రోజులు చాకిరీ చేసి వస్తోంది. బస్సులో కూర్చున్నంతసేపూ ఇంట్లో ఏమేం మాడి ఉంటాయి, ఏమేం కుళ్ళి ఉంటాయి, దేనికి ముందు చీపురు పట్టాలి అని ఆలోచిస్తూనే వచ్చింది.

ఏ వాసనా రాలేదు.

సంచి భుజానే ఉంచుకుని వంటింట్లోకి నడిచింది. సింకు తళతళలాడుతోంది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. పొయ్యి పక్కకు జరిపి, దాని కింద కూడా తుడిచారు. ఇంట్లో అలాంటి చోటొకటి ఉందని తనకు తప్ప ఎవరికీ తెలియదనుకుంది ఇన్నాళ్ళూ. ఆమె గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోయింది. దొంగలు పడి ఇల్లంతా ఊడ్చుకుపోయినా అంత అదిరిపడేది కాదు.

వెళ్ళేముందు అలమర తలుపుకు పదకొండు చీటీలు అంటించింది. మొదటి చీటీ పైన పెద్ద అక్షరాలతో 'పది రోజుల కోసం' అని రాసింది. ఒకటి: నీళ్ళ మోటారు వేసినవాళ్ళే ఆపాలి, దానంతట దానికి గుర్తు రాదు. రెండు: అత్తయ్య బీపీ మాత్ర వేసుకున్నానంటారు, మాట కాదు, అట్ట చూడాలి. నాలుగు: పాలు పొయ్యి మీద పెట్టి ఫోను పట్టుకోకూడదు, పొంగేముందు పాలు పిలవవు, కాఫీ పొడి ఎడమవైపు డబ్బాలో. ఏడు: తడి తువ్వాలు మంచం మీద ఆరదు, పదహారేళ్ళుగా చూస్తున్నాను. పదకొండు: అన్ని పనులూ ఒక్కసారే మీద పడితే, ఆగితే పాడైపోయేది ముందు చెయ్యాలి, అంట్లు ఆగుతాయి.

"వచ్చావా! చూశావా మా ప్రతాపం?" వెనకనుంచి భర్త గొంతు. ఆదివారం కదా, బనీనుతో, గెలిచొచ్చినవాడిలా నిలబడ్డాడు. "మొదటి రెండు రోజులే కాస్త తడబడ్డాం. తర్వాత అంతా గడియారంలా నడిచింది. ఊరికే హైరానా పడతావు కానీ, ఇందులో ఏముందోయ్?"

"నాన్న చపాతీలు గుండ్రంగా చేశాడమ్మా," అంది కూతురు. "తువ్వాలు కూడా రోజూ తీగమీదే ఆరేశాడు. నేను మోటారు ఒక్కసారి కూడా మర్చిపోలేదు."

"నువ్వు లేని లోటే తెలియలేదమ్మాయ్," అంది అత్తగారు. మెచ్చుకోలు అనుకునే అంది, పాపం.

పోయిన నెల ఇదే అత్తగారు, ఇదే కుర్చీలో కూర్చుని అన్న మాట ఆమె చెవిలో ఇంకా ఉంది. "నువ్వు తొమ్మిదింటికి గడప దాటావో, పదింటికల్లా ఈ ఇల్లు కూలుతుంది." గ్రంథాలయంలో ఉద్యోగానికి రమ్మని ఉత్తరం వచ్చిన రోజది. పెళ్ళికి ముందు చదివిన చదువుకు పదహారేళ్ళ తర్వాత వచ్చిన పిలుపు. రేపటి సోమవారంలోగా చేరాలి, లేకపోతే ఇంకొకరికి ఇస్తారు. "నీ ఇష్టం, నేనైతే వద్దనను," అన్నాడు భర్త. "కానీ నువ్వు లేకపోతే మాకు మంచినీళ్ళు తాగడం కూడా చేతకాదు, నీకు తెలుసుగా." నిజమేననుకుంది. చేతకానివాళ్ళను వదిలి ఎలా వెళ్ళడం? రాలేనని ఉత్తరం కూడా రాసేసింది. అక్క పడిందన్న కబురుతో హడావుడిలో పోస్టు చెయ్యడం మరిచిపోయింది. అది ఇప్పుడు కూడా సంచిలోనే ఉంది.

"ఇదిగో," అంటూ భర్త అలమర తలుపుకున్న చీటీలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి, దొంతిగా సర్ది ఆమె చేతిలో పెట్టాడు. "ఇక వీటితో పనేముంది? నువ్వొచ్చేశావుగా. నీ రాజ్యం నీకు." తృప్తిగా నవ్వి స్నానానికి వెళ్ళాడు.

పావుగంట తర్వాత ఆమె బట్టలు మార్చుకుందామని పడకగదిలోకి వెళ్ళింది. మంచం మీద తడి తువ్వాలు.

పది రోజులూ అది తీగమీద ఆరింది. ఇప్పుడు పరుపు మీద తడి మచ్చ పాకుతుంటే ఆమె దానివంకే చూస్తూ ఉండిపోయింది. పదహారేళ్ళుగా ఆ తువ్వాలు ఎన్నిసార్లు తీసి ఆరేసిందో! మగవాడు, తెలియదు పాపం, పెరిగిన తీరు అలాంటిది, అని ప్రతిసారీ తనకు తానే సర్దిచెప్పుకుంది. తెలియకపోవడం కాదు. చేతకాకపోవడమూ కాదు. చీటీ చదివితే రెండు రోజుల్లో వచ్చే విద్య అది. ఆమె ఇంట్లో లేనప్పుడు అందరికీ వచ్చు. ఆమె చెప్పుల చప్పుడు వినగానే అందరూ ఒక్కసారే మర్చిపోతారు. కోపం రావాలి నిజానికి. కానీ ఆశ్చర్యం ఎంత పెద్దదంటే, కోపానికి చోటు మిగల్లేదు.

చేతిలో దొంతి అలాగే ఉంది. అన్నిటికన్నా పైన పదకొండో చీటీ. ఆగితే పాడైపోయేది ముందు. తన చేతిరాతే. ఎవరో తనకు రాసినట్టుగా చదువుకుంది.

తువ్వాలును ముట్టుకోలేదు.

వంటింట్లోకి వెళ్ళి చీటీలను వరసగా మళ్ళీ తలుపుకు అంటించింది. 'పది రోజుల కోసం' అన్న మాట మీద అడ్డంగా గీత కొట్టింది. సంచిలోంచి రాలేనన్న ఉత్తరం తీసి, దాని వెనకవైపు రాసింది: 'పన్నెండు: రేపటినుంచి నేను తొమ్మిదింటికి గ్రంథాలయంలో ఉంటాను.' అదీ అంటించింది.

"ఏమోయ్, కాఫీ?" హాల్లోంచి కేక.

"నాలుగో చీటీ," అంది.

నవ్వుకుంటూనే వచ్చాడు. చదివాడు. అతని చూపు పైన కొట్టిన గీత దగ్గరికి వెళ్ళి, మళ్ళీ కిందికొచ్చి పన్నెండో చీటీ దగ్గర ఆగింది. నవ్వు ఎటు పోయిందో తెలియలేదు. ఇందాక ఆమె నిలబడ్డచోటే, అదే గోడకు చెయ్యి ఆనించాడు.

"కాఫీ పొడి ఎడమవైపు డబ్బాలో ఉంది," అంది ఆమె నెమ్మదిగా. "మీకు తెలుసుగా."