ముందు వరసకి నడిచిన నీలం కుర్చీ

నేను ఒక కుర్చీని. నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీని. నాలుగు కాళ్ళున్నా నడవలేను, రెండు చేతులున్నా ఎవరి మీదా చెయ్యి చేసుకోలేను, వీపుంది గానీ తల లేదు. తల లేకపోవడం పెద్ద లోటేమీ కాదని కొన్ని సభలు మోశాక తెలిసింది. నా మీద కూర్చున్నవాళ్ళలో తల ఉన్నవాళ్ళు కూడా దాన్ని జుట్టు దువ్వుకోవడానికే ఎక్కువగా వాడేవాళ్ళు.

నా పుట్టుకే దెబ్బలతో మొదలైంది. విశాఖపట్నం శివార్లలో ఒక ఫ్యాక్టరీ. అక్కడ పగిలిన బకెట్లు, చెవులూడిన మగ్గులు, అడుగు పోయిన బిందెలు గుట్టగా పోసి ఉంటాయి. వాటిని యంత్రం పరపరా నమిలి, కరిగించి, అచ్చులో పోసి, పీక నొక్కినట్టు నొక్కితే నేను బయటపడ్డాను. తల్లి బకెట్టో, తండ్రి మగ్గో నాకు తెలియదు. తెలిసినా చెప్పుకోవడానికి వాళ్ళు మిగల్లేదు.

నన్ను కొన్నవాడు పైడిరాజు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే ‘పైడిరాజు సప్లయర్స్’ అతనిదే. ఇంటికి తెచ్చిన రోజునే ఇనపచువ్వ ఎర్రగా కాల్చి నా వీపు మీద ‘పై.స.’ అని వాత పెట్టాడు. ఆ క్షణం నుంచి నిజంగానే పైసాలా చేతులు మారడం మొదలుపెట్టాను.

ఎన్ని చోట్లకి వెళ్ళానో! మాంసం కూరలో ముక్కలు తక్కువయ్యాయని రెండు వియ్యాలవారూ తన్నుకున్న పెళ్ళిలో ఉన్నాను. పోయినాయన ఫోటో ముందే పొలం గట్టు కోసం తన్నుకున్న దినంలో ఉన్నాను. ఒక కాలనీ సంఘం ఎన్నికల సభలో మొదటిసారి గాలిలో ఎగిరాను. శాంతి గురించి మాట్లాడుతున్న కోశాధికారి భుజం మీద దిగాను. ఆయన భుజమూ నా వెనక ఎడమకాలూ ఒకేసారి చిట్లాయి. ఆయనకి కట్టు కట్టారు. నాకు పైడిరాజు రాగితీగ కాల్చి కుట్టు వేశాడు. “ఇంకో పదేళ్ళు మోస్తాదిది” అన్నాడు. నన్నో, ఆ కాలినో అర్థం కాలేదు.

ఆ కుట్టుకాలితోనే రాక్ షోకి వెళ్ళాను.

సముద్రం పక్క మైదానం. సాయంత్రం. వేదిక మీద ‘పిడుగుపాటు’ అనే బృందం పేరు మంటల అక్షరాల్లో వేశారు. రాక్ అన్నారు గానీ రాకండని ఎవరూ అనలేదు కాబట్టి ఊరంతా వచ్చింది. ముందు తెల్లగుడ్డ తొడిగిన సోఫాలు, వాటి వెనక ఎర్ర కుర్చీలు, ఆ వెనక తాడు కట్టి నీలం కుర్చీలు. మా నీలం జాతికి వేదిక అగ్గిపెట్టెంత కనిపించేది. టికెట్ మీద రంగు రాశారు గానీ నంబరు వేయలేదు. నంబరు లేని చోట మనవాళ్ళకి కర్చీఫే రిజిస్టరాఫీసు. కూర్చున్నవాడు లేచేటప్పుడు కుర్చీ మీద కర్చీఫ్ పరిచి వెళ్తే, తిరిగొచ్చేదాకా ఆ కుర్చీ అతనిదే. కిటికీలోంచి బస్సు సీటు మీదకి విసిరే తువ్వాలుకి ఎంత విలువుందో, ఇక్కడ కర్చీఫ్‌కీ అంతే.

నా మీద కూర్చున్నది గౌరునాయుడు. పక్క కుర్చీలో అతని బావమరిది బంగారయ్య. గౌరునాయుడు ఓడలు బాగుచేసే యార్డులో తుప్పు కొట్టే పని చేసి విరమించాడు. ఇనుము మీద ఇనుముతో కొట్టి కొట్టి రెండు చెవులూ పూర్తిగా పోయాయి. అందుకని అతను గుసగుసలాడినా మైదానమంతా వినపడేది.

“అదుగో బంగారీ! అదే నా గుంట! ఆ డబ్బాల ఎనక!” అని అరిచాడు.

ముందు కూర్చున్న కాలేజీ కుర్రాడు వెనక్కి తిరిగాడు. “ఏటండీ తాతగారూ, సెవిలో మైకు పెట్టేసినట్టు అరుత్తన్నారు?”

బంగారయ్య అతనికి సర్దిచెప్పాడు. ఆ డ్రమ్ములు వాయించే అమ్మాయి నూకరత్నం, గౌరునాయుడి కూతురు. చిన్నప్పుడు ఇంట్లో బకెట్లన్నీ బోర్లించి కర్రలతో వాయించేది. “మా బావ అప్పుడు సెవులున్న మడిసి బాబూ. పనినుంచి వొచ్చి, తలనొప్పంటూ బకెట్టు తీసి గోడకేసి కొట్టేసేవోడు. బకెట్టు తరవాత పిల్లని. ఆ గుంట ఇల్లొదిలి బెంగుళూరు ఎలిపోయింది. అది ఎల్లిన యాడాది ఈయన సెవులు పోయినాయి. అది వాయిత్తాదని ఊరంతా సెప్పుకుంటంది. కన్నోడు ఒక్కసారీ ఇన్లేదు.”

“సెవుల్లేనోడు ఎలాగ ఇంతాడు?”

దానికి జవాబు గౌరునాయుడికే తెలుసు. అమ్మవారి పండక్కి ఒకసారి పెద్ద స్పీకరు పెట్టె పక్కనే ఇలాంటి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడట. డప్పుల దెబ్బ నేలలోంచి కుర్చీ కాళ్ళలోకి, కాళ్ళలోంచి చేతుల్లోకి, అక్కడినుంచి అతని ఎముకల్లోకి ఎక్కిందట. ఇవాళ చివర్లో కూతురు ఒక్కతే వాయించే పాట ఉంది. అది మొదలయ్యేలోగా ఎడమవైపు స్పీకరు పక్కకి చేరాలి. ఈ నీలం మూలన ఉంటే నాలోకి ఎక్కేది సముద్రపు చెమ్మ తప్ప మరేమీ కాదు. అంటే ఈ రాత్రికి అతని చెవిని నేనే. చెవికి సరైన చోటు కావాలి.

బంగారయ్య ముందు మంచి మాటలతో ప్రయత్నించాడు. ఎర్ర కుర్చీల దగ్గరికి వెళ్ళి ముందు వరస కోసం వరసలు కలిపాడు. “బావగారూ, కాస్త మార్చుకుందారా?” “మరదలా, ఒక్క పాటకి!” అల్లుడు, అన్నయ్య, వదిన, ఏ వరస కలిపినా ఆ వరసలో చోటు దొరకలేదు. ఒకావిడైతే, “నీకు మరదలైతే మా ఆయనకి ఏటవుతాను?” అని చెప్పు తీసింది.

అప్పుడు మొదలైంది నడక. మన బహిరంగ ప్రదర్శనల్లో అందరికీ వచ్చిన విద్యే ఇది. లేస్తే కుర్చీ పోతుంది, లేవకపోతే ముందుకు పోలేం. కాబట్టి లేవకుండానే పోవాలి. రెండు చేతులతో కుర్చీని పిరుదులకి అదిమిపట్టి, మోకాళ్ళు వంచి, బాతులా నాలుగడుగులు వేసి, ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి. పాట ఊపందుకున్నప్పుడల్లా జనం లేచి గెంతారు. వాళ్ళు గెంతినప్పుడల్లా మేం జరిగాం. తాడు కింద దూరాం. నడవలేనని చెప్పాను కదా, నడిచాను!

వెనక్కి చూస్తే నీలం కుర్చీలన్నీ మా వెంటే బాతుల మందలా వస్తున్నాయి. ఒకడు ముందుకి పోతుంటే కారణమేమిటని అడిగేవాడు మన దేశంలో ఉండడు, వెంటపడేవాళ్ళే ఉంటారు.

చివరికి ఎర్ర కుర్చీల మొదటి వరస చేరాం. సోఫాల ఎడమ చివర నిలబెట్టిన స్పీకరు పక్కనే, సరిగ్గా కావలసిన చోట, ఒక ఎర్ర కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద గళ్ళ కర్చీఫ్ పరిచి ఉంది. బంగారయ్య ఆగిపోయాడు. కర్చీఫ్ తీసేయడం పాపం. అది ఉన్న కుర్చీలో కూర్చోవడం ఇంకా పాపం. బంగారయ్య మర్యాదస్థుడు. కాసేపు ఆలోచించి, కర్చీఫ్ మీద వేలు కూడా పడకుండా, కుర్చీని కర్చీఫ్‌తో సహా ఎత్తి నాలుగు వరసల వెనక పెట్టి వచ్చాడు. ఖాళీ అయిన చోట నన్ను దించి బావని కూర్చోబెట్టాడు. పద్ధతి తప్పలేదని ముఖం తుడుచుకున్నాడు.

నూకరత్నం ఒక్కతే వాయించడం మొదలుపెట్టింది.

నా కాళ్ళు ముందు పట్టుకున్నాయి దాన్ని. ధన్ మని ఒక దెబ్బ భూమిలోంచి లేచి నా కుట్టులోంచి జివ్వుమని పైకి పాకింది. గౌరునాయుడు రెండు అరచేతులూ నా చేతుల మీద అదిమి కళ్ళు మూసుకున్నాడు.

“వొత్తంది…” అన్నాడు. “బంగారీ, వొత్తంది!”

అదే సమయానికి మరొకడు కూడా వచ్చాడు. కర్చీఫ్ యజమాని దాలినాయుడు. రెండు చేతుల్లో మిరపకాయ బజ్జీలు, గుమ్మం పట్టనంత ఒళ్ళు.

“నా సీటేదిరా?”

“అదుగోనండీ, ఎనకాల” అన్నాడు బంగారయ్య వినయంగా. “మీ కర్చీఫ్ మీ కుర్చీ మీదే ఉంది. నాను ముట్టుకోనేదు, మాయమ్మతోడు!”

“కర్చీఫ్ ఏసింది కుర్చీకా, సోటుకా?”

ఇది పెద్ద ధర్మసందేహం. న్యాయస్థానాలకి వెళ్ళవలసిన సంగతి. దాలినాయుడు బజ్జీల పొట్లాన్ని బంగారయ్య ముఖాన కొట్టి అక్కడే తీర్పు చెప్పేశాడు. ఉల్లిపాయ ముక్కలు కళ్ళలో పడి బంగారయ్య గుడ్డిగా చెయ్యి విసిరాడు. అది వెళ్ళి చెప్పు తీసిన ఆవిడ భర్త ముక్కుకి తగిలింది. ముక్కు రక్తం చూసి ఆవిడ మిగతా చెప్పు కూడా తీసింది. వెనక నుంచి నీలం బాతులు, ముందు నుంచి ఎర్రవాళ్ళు. ఒక కుర్చీ లేచింది, పది లేచాయి, ఆకాశంలో మా బంధువులే. నా అక్క ఒకర్తి ఒక కుర్రాడి పళ్ళ మీద దిగింది. ఇద్దరికీ ముందువైపు ఊడింది. నల్లచొక్కా బౌన్సర్లు వచ్చారు. బౌన్సరంటే ఎగిరేవాడేమో అనుకున్నాను, కాదు, ఎగరేసేవాడు. సోలో సగానికి వచ్చేసరికి కొందరు సోలిపోయి నేల మీద ఉన్నారు. ఒకాయన పడినవాళ్ళ కుర్చీలన్నీ పేర్చుకుని పైకెక్కి వేదిక చూస్తున్నాడు. అంతకంటే పై సీటు ఆ రాత్రి ఎవరికీ దొరకలేదు.

ఇదంతా వెనకే జరుగుతున్నా గౌరునాయుడికి వినపడదు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. అతనికి వినపడేది ఒక్కటే, అది నాలోంచి వస్తోంది.

దాలినాయుడు వంగి నా వెనక కాళ్ళు పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

కుట్టు తెగింది. ఎడమకాలు అతని చేతిలో ఉండిపోయింది. గౌరునాయుడు ముందుకి పడి, నుదురు స్పీకరు అంచుకి కొట్టుకుని చీలింది. లేచాడు. ముప్పై ఏళ్ళు తుప్పు కొట్టిన చెయ్యి ఒక్కసారి దాలినాయుడి దవడ మీద పడింది, అతని నోట్లోని బజ్జీ బయటికొచ్చింది. కానీ దాలినాయుడు పడలేదు. నన్ను ఎత్తి గౌరునాయుడి వీపు మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నా అంచు దిగిన చోట చొక్కా చిరిగి రక్తం వచ్చింది. చెయ్యి చేసుకోలేనని మొదట్లో గొప్పగా చెప్పుకున్నాను. నా చేత చేయించేవాళ్ళు ఉండగా నా గొప్పేముంది?

నిర్వాహకులు భయపడి సౌండు కరెంటు తీసేశారు. స్పీకర్లు చచ్చిపోయాయి. గౌరునాయుడు రక్తం కారుతున్న తలని స్పీకరుకి ఆనించి, అరచేత్తో దాన్ని బాదాడు.

“ఆగిపోయిందేటి? ఇంకా అవ్వలేదు! ఆగిపోయిందేటర్రా!”

ఆ గొంతు వేదిక మీదికి చేరింది. బకెట్లు పగలగొట్టిన గొంతు కదా, నూకరత్నం మరచిపోదు. రెండు కర్రలతో దూకి వచ్చింది. మూడోసారి నన్ను ఎత్తిన దాలినాయుడి మణికట్టు మీద కర్రతో ఒక్కటిచ్చింది. ఎముక టక్కుమంది. నేను కింద పడ్డాను.

తండ్రీ కూతురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె చేతుల్లో కర్రలున్నాయి, ఎదురుగా తనని కొట్టిన మనిషి ఉన్నాడు. ఆ చేతులు ఎటు లేస్తాయో నాకు తెలియలేదు. బంగారయ్యకీ తెలియలేదు, అడ్డం వెళ్ళాడు.

“కొట్టకు తల్లీ! నిన్ను ఇందామనే వొచ్చినాడు. ఆ కుర్చీలోంచి ఇంతాడే!”

ఆమె నన్ను చూసింది. విరిగిన మూలని స్పీకరు పెట్టెకి ఆనించి నిలబెట్టింది. ముక్కాలిపీటనయ్యాను. ఊరంతా అప్‌గ్రేడయిన రోజున దిగజారింది నేనొక్కదాన్నే. తండ్రిని భుజాలు పట్టి కూర్చోబెట్టి, నా వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ‘పై.స.’ అన్న వాత మీద వాయించడం మొదలుపెట్టింది.

గొడవ ఆగలేదు. ఆగిందని చెప్తే బాగుండేది. కుర్చీలు పడుతూనే ఉన్నాయి, పోలీసులు దిగారు, లాఠీలు లేచాయి. ఒక కానిస్టేబుల్ మా మీదికొచ్చి ఒక్కటి వేశాడు. దెబ్బ నా చేతి మీద పడింది.

“అది కూడా బాగుందే!” అని అరిచాడు గౌరునాయుడు.

కానిస్టేబుల్ లాఠీ ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. “ఏటమ్మా ఇది?”

“అయిపోవొచ్చింది సార్” అంది ఆమె, ఆపకుండా. కన్నీళ్ళు నా వాతలోకి కారుతున్నాయి.

కర్రలు వేగం అందుకున్నాయి. గౌరునాయుడి వెన్నెముక, నా వెన్ను, ఆమె చేతులు, ఏది ఎక్కడ ముగుస్తోందో నాకు తెలియలేదు. నా జన్మలో నన్ను అచ్చు కొట్టింది, వాత కొట్టింది, జనం కొట్టారు, నాతో జనాన్ని కొట్టారు. వాయించింది మాత్రం ఒక్కతే.

ఆఖరి దెబ్బ పడ్డాక అతను వెనక్కి తిరిగి, నెత్తురు కళ్ళతో కూతుర్ని చూసి, మైదానమంతా వినపడేలా గుసగుసలాడాడు.

“బకెట్టు కంటే బాగుందే, నూకా.”

ఆమె కర్రలు పడేసి అతని చొక్కా పట్టుకుంది. కొట్టడానికో, వాటేసుకోవడానికో ఆమెకే తెలియనట్టు కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత కూడా వదల్లేదు.

మర్నాడు పైడిరాజు నన్ను తిరగేసి చూశాడు. “దీని పని అయిపోనాది” అన్నాడు.

ఇప్పుడు పాత సామాన్ల కొట్టులో ఉన్నాను. కొట్టడాలన్నీ అయ్యాక మిగిలేది ఈ కొట్టే కాబోలు. పక్కనే పగిలిన బకెట్లున్నాయి, ఒక ఎర్రదానికి గోడకేసి కొట్టినట్టు నిలువునా చీలిక ఉంది. ఎవరింటిదో నేనడగలేదు. నాలో కూడా అలాంటివి కరిగి ఉన్నాయి. త్వరలో మమ్మల్ని ఒకే పొయ్యిలో కరిగిస్తారు. ఈసారి నేను బకెట్టునవుతానేమో. మీ పెరట్లో ఎవరైనా పిల్ల నన్ను బోర్లించి కర్రలతో మొదలుపెడితే, తలనొప్పిగా ఉంటే ఉండనివ్వండి. పక్కన కూర్చుని నా మీద అరచెయ్యి పెట్టండి. చెవులు ఉన్నప్పుడే.