సెంజి గుడ్డట్టు

మా ఊళ్ళో తెల్లారకముందే తలుపులు తెరిచేవాళ్ళు ఇద్దరే. ఒకరు చర్చి ఫాదరు, రెండోది బేకరీ సెంజి. ఫాదరు దగ్గరికి ఎవరు వెళ్తారో నాకు తెలీదు. నేను మాత్రం సెంజి దగ్గరికే వెళ్తాను.

ఉత్తరాలు పంచే ఉద్యోగం అయిపోయాక నాకు మిగిలిన పని ఒక్కటే. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, అప్పుడే పొయ్యిలోంచి దిగిన గుండ్రటి రొట్టెను చేత్తో రెండుగా చీల్చి, వెన్న దట్టంగా పట్టించి, అది కరిగి వేళ్ళ మీదికి కారేలోపు కాఫీతో లాగించడం. మధ్యమధ్యలో ఊరి సంగతులు కనిపెట్టడం. దీన్ని కొందరు పనిలేనితనం అంటారు. అన్నవాళ్ళ పేర్లన్నీ నాకు గుర్తున్నాయి.

డెట్లెఫ్ వచ్చిన రోజు కూడా నేను అక్కడే ఉన్నాను. బెర్లిన్ మనిషి. ఏళ్ళ తరబడి రైళ్ళు నడిపి రిటైరై, మా నది నచ్చిందని ఇక్కడ ఇల్లు తీసుకున్నాడు. పొడుగ్గా, శుభ్రంగా, ఇస్త్రీ చేసిన మనిషిలా ఉన్నాడు. అద్దాల బీరువాలో పళ్ళెం నిండా క్రాప్ఫెన్‌లు ఉన్నాయి. నూనెలో ఎర్రగా పొంగి, కడుపులో ఆప్రికాట్ జామ్, నెత్తిన పంచదార పొడి. ఆయన కళ్ళు వాటి మీదే నిలిచిపోయాయి.

"ఒక ఫన్‌కూఖెన్ ఇప్పించండి" అన్నాడు, వేలు పళ్ళెం వైపు చూపిస్తూ.

నా నోట్లో రొట్టె అలాగే ఆగిపోయింది. బెర్లిన్‌లో దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. కానీ జర్మనీ దక్షిణాన, మా బవేరియాలో ఫన్‌కూఖెన్ అంటే పెనం మీద పోసే గుడ్డట్టు. పిండి, పాలు, గుడ్లు, అంతే. ఈ సంగతి సెంజికీ తెలుసు, ఆయన ఏమడుగుతున్నాడో కూడా తెలుసు. అయినా ఆ వేలి వంక కన్నెత్తి చూడలేదు.

"కాస్త ఆలస్యమవుతుంది, కూర్చోండి" అని వెనక వంటింట్లోకి వెళ్ళింది. పెనం చుయ్‌మన్న చప్పుడు వినిపించింది. పళ్ళెంలో గుడ్డట్టు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇదేంటండీ?"

"మీరడిగిందే."

"నేనడిగింది ఆ అద్దంలోది."

"అద్దంలోది క్రాప్ఫెన్. మీకది కావాలా?"

ఆ ఒక్క మాట అనేస్తే సరిపోయేది. ఆయన అనలేదు. చాకూ ఫోర్కూ తీసుకుని గుడ్డట్టు చివరి ముక్క దాకా తిన్నాడు. "చాలా రుచిగా ఉందండీ" అన్నాడు, ఆముదం తాగిన మొహంతో. మర్నాడు మళ్ళీ వచ్చి ఫన్‌కూఖెన్ అడిగాడు. సెంజి మళ్ళీ పెనం పెట్టింది.

చలికాలమంతా ఇదే తంతు. గుడ్డట్టంటే గిట్టని మనిషి రోజూ గుడ్డట్టు తింటున్నాడంటే కారణం గుడ్డట్టు కాదని నాకు తెలిసిపోయింది. సెంజి భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆమె నవ్వితే బుగ్గల మీది పిండి రాలుతుంది. ఆయన అది చూడడానికే వస్తున్నాడు. ఈ ఇద్దరూ తప్ప ఊరంతా ఆ సంగతి మాట్లాడుకుంటోంది.

ఫాషింగ్ అని మేం వేషాలేసుకునే పండుగ వారంలో ఒక రోజు డెట్లెఫ్ నా బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"బుర్గల్ గారూ, మా అక్క బెర్లిన్ వచ్చెయ్యమంటోంది. బుధవారం పొద్దున రైలెక్కేస్తాను."

"అదేంటయ్యా! సెంజిని అడక్కుండానే?"

ఆయన మొహం క్రాప్ఫెన్ రంగుకొచ్చింది. "ఏమని అడగను? నా మీద ఏ కాస్త అభిమానమున్నా ఒక్కసారైనా ఆ పళ్ళెంలోంచి తీసి ఇచ్చేదిగా? రోజూ ఆ అట్టేగా నా మొహాన పడేస్తోంది!"

"క్రాప్ఫెన్ అనవయ్యా. నోరేం అరిగిపోదు."

"మా వంశంలో ఎవ్వరూ ఆ మాట అనలేదండీ."

నాకు ఒళ్ళు మండింది. లేచి సెంజి దగ్గరికి పోయాను. "ఏమే, ఆయన వెళ్ళిపోతున్నాడు. ఒక్కటి తీసి ఇస్తే నీ సొమ్మేం పోయింది?"

ఆమె చేతిలో పిండి ముద్ద ఆగింది. తర్వాత ముద్దను బల్లకేసి కొట్టి, "నోరు తెరిచి అడిగితే పళ్ళెం పళ్ళెం ఇస్తాను. అడగమను" అంది.

రెండు గాడిదల మధ్య ఉత్తరాలు మోయడమంటే ఏమిటో నా ఉద్యోగమంతా చేసినా నాకు తెలీలేదు, అప్పుడు తెలిసింది.

మంగళవారం పండుగకి చివరి రోజు. మర్నాడు భస్మ బుధవారం, చర్చిలో నుదుట బూడిద పెట్టించుకుని పండుగ పిండివంటలు మానేసే రోజు, ఇక సెంజి కొట్లో వచ్చే చలికాలం దాకా క్రాప్ఫెన్‌లు ఉండవు. అందుకని ఊరంతా వేషాలేసుకుని బేకరీ మీద పడింది. నేను కోడిపెట్టను. ఫాదరు సముద్రపు దొంగ. సెంజి తేనెటీగ. తల మీద రెండు తీగలు ఊగుతున్నాయి. ఆ రోజుకి మా దగ్గరో అలవాటుంది. పళ్ళెంలో ఒక్క క్రాప్ఫెన్‌లో జామ్ బదులు ఆవముద్ద నింపుతారు. అది ఎవరి నోట పడితే వాళ్ళని చూసి ఊరంతా నవ్వాలి. దాన్ని గుర్తుపట్టడానికి సెంజి పంచదార కాస్త ఎక్కువ చల్లి ఓ మూల పెట్టుకుంది.

డెట్లెఫ్ రైలు టోపీ పెట్టుకుని వచ్చాడు. వేషమేమో అనుకున్నారంతా. వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చేసరికి కొట్లో చప్పుడు లేదు. సముద్రపు దొంగ కూడా నమలడం ఆపేశాడు.

"చెప్పండి, ఏం కావాలి?" అంది సెంజి.

"ఒక..." అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఒక క్రా... క్రా..."

"కాకి వేషమా?" అన్నారు వెనకనుంచి ఎవరో.

"క్రాప్ఫెన్!"

కొట్టు కొట్టంతా చప్పట్లు. నేను రెక్కలు కొట్టుకున్నాను. తేనెటీగ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ కంగారులో ఆమె చెయ్యి పళ్ళెమంతా తడిమి, అన్నిటికంటే ముద్దుగా, పంచదార ఎక్కువగా ఉన్నదాన్ని తీసి ఆయన చేతిలో పెట్టింది. నేను కెవ్వుమన్నాను గానీ, కోడి వేషంలో ఉన్నదాని కేకని ఎవరు పట్టించుకుంటారు?

ఆయన ఆమె కళ్ళల్లోకే చూస్తూ, ఒక్కసారిగా సగం కొరికాడు.

ముందు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ముక్కు. తర్వాత కళ్ళల్లోంచి ధారలు. ఊరంతా అలవాటు ప్రకారం పగలబడి నవ్వింది. ఆయన ఏదో అడగబోయాడు. "సెం... సెం..." అని ఆగిపోయి, నోటికి టోపీ అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాడు.

"ఒసేయ్ సెంజీ, ఏం పని చేశావే!" అన్నాను. ఆమె పళ్ళెంలోని ఖాళీ మూల చూసింది. తల మీది తీగలు వాలిపోయాయి.

బుధవారం పొద్దున బేకరీలో నేనొక్కదాన్నే. నుదుటి మీద బూడిద బొట్టు, కడుపులో దిగులు. ఆ రోజు వెన్న కూడా నాకు రుచించలేదు, అంతకంటే ఏం చెప్పను? ఆయన రోజూ వచ్చే వేళకి వంటింట్లో పెనం చుయ్‌మంది.

"ఎవరికే అది?" అన్నాను.

"ఎవరికీ కాదు. చెయ్యి ఊరుకోక పోశాను" అంది, వెనక్కి తిరక్కుండా.

తలుపు గంట మోగింది. డెట్లెఫ్. చేతిలో పెట్టె. ముక్కు ఇంకా ఎర్రగానే ఉంది.

"వెళ్ళేముందు ఒక్క మాటండీ" అన్నాడు. "నిన్న నేను ఆ మాట అన్నాను. అయినా ఆవముద్ద పెట్టారు. నా మీద అంత కోపమెందుకో చెప్తే..."

"కోపమా?" సెంజి పెనం పట్టుకునే బయటికొచ్చింది. "ఇది బేకరీ! ఇక్కడ అట్లు అమ్మరు. ఏ బోర్డు మీదైనా అట్టని రాసుందా? ఈ బుర్గల్ ఇన్నేళ్ళుగా ఇక్కడ కూర్చుంటోంది, ఎప్పుడైనా ఒక్కటి పోశానా? కొట్టు నిండా జనాన్ని నిలబెట్టి రోజూ లోపలికెళ్ళి పోసేది ఎవరికోసం?"

నిజమే, నాకెప్పుడూ పొయ్యలేదు. ఆ సంగతి తర్వాత తేల్చుకుంటాను.

డెట్లెఫ్ పెనం వంక చూశాడు. పెట్టె కింద పెట్టాడు. తన కుర్చీలో కూర్చుని చాకూ ఫోర్కూ అందుకున్నాడు.

సెంజి ఆ గుడ్డట్టుని పళ్ళెంలో పరిచింది. ఆప్రికాట్ జామ్ సీసా తెచ్చి, చెంచాతో అట్టంతా పూసి, చాపలా చుట్టి, పైన పంచదార పొడి చల్లింది.

"ఇది అట్టా, లేక ఆ జామ్ ఉండేదా?" అన్నాడాయన బిత్తరపోయి. "దీన్ని ఏమంటారండీ?"

"ఫన్‌కూఖెన్" అంది సెంజి. "మీ ఊళ్ళోనూ, మా ఊళ్ళోనూ. తిను."

ఇన్నాళ్ళూ ఆయన్ని మీరు అన్నదే తప్ప నువ్వు అనలేదు. ఆ మాట వినగానే ఆయన కళ్ళల్లో మళ్ళీ నీళ్ళు తిరిగాయి. అందులో ఆవముద్ద లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను, ఎందుకంటే పళ్ళెంలో మిగిలిన ముక్క నేనే తిన్నాను.