ఒక్క వేలు ఎత్తు

బావ టైర్ల కొట్టు తలుపు నాలుగు నెలల తర్వాత తెరుచుకుంది. తెరిచింది చిన్నోడు. నలభై ఎనిమిదేళ్ళు నెత్తి మీదకొచ్చినా, ఆ నెత్తిన సగం జుట్టు రాలిపోయినా, అక్కకీ బావకీ అతను చిన్నోడే. లోపల రబ్బరు వాసన, గోడకి వేలాడే పాత టైర్లు, వాటి పైన బావ సొంత దస్తూరీతో బోర్డు: "కంపెనీ ఇచ్చిన సైజే వేయబడును. వాదించవద్దు."

ఆ బోర్డు రాసిన మనిషి ఇప్పుడు గుమ్మం దగ్గర కుర్చీలో కూలబడి ఉన్నాడు. కాళ్ళు రెండూ నీరు పట్టి గుమ్మడికాయల్లా ఉన్నాయి. కిడ్నీలు చేతులెత్తేశాక వారానికి రెండుసార్లు ఆసుపత్రి మిషనే ఆయన రక్తం కడిగి పంపుతోంది. మంగళవారం వంతు తప్పిపోయింది. ఇవాళ శుక్రవారం. మధ్యాహ్నం రెండింటి వంతు కూడా తప్పితే ఇక తను చేయగలిగింది ఉండదని డాక్టరు ఫోన్లో మెత్తగా చెప్పాడు. ఎప్పుడూ కసిరే డాక్టరు మెత్తగా చెప్పాడు కాబట్టే చిన్నోడికి గుండె జారింది.

వంతెన కూలి ఆరురోజులైంది. "వంతెన కూలినది, జాగ్రత్త" అని బోర్డు మాత్రం మర్నాడే వెలిసింది. మిగిలింది ఏటి అడుగున రాళ్ళ దారి, నాలుగు కిలోమీటర్లు. అంబులెన్సువాళ్ళు ఆ రాళ్ళలోకి దిగలేమన్నారు, అవతలి తారురోడ్డు ఎక్కాక ఫోను చెయ్యమన్నారు. ఎత్తు బండ్లన్నీ వంతెన పనికి పోయాయి. ఉన్నది చిన్నోడి చిట్టి కారు. బావ దాన్ని అగ్గిపెట్టె అంటాడు. మంగళవారం ఆ అగ్గిపెట్టె మొదటి మలుపులోనే బండ మీద పొట్ట కొట్టుకుంది. ఆయిల్ చాంబర్ పగిలి నూనంతా ఇసుక తాగేసింది. నలుగురు కలిసి బావని మోసుకొస్తుంటే దారిలో ఊపిరాడక కళ్ళు తేలేశాడు. ఆ నలుగురూ మళ్ళీ ఈ వీధిలో కనపడలేదు.

చాంబర్‌కి అతుకు వేయించాక చిన్నోడికి ఒకటే యావ. బండి లేవాలి. లేవాలంటే పెద్ద టైర్లు వెయ్యాలి.

"నా కొట్లోనా?" అన్నాడు బావ ముందురోజు.

"నీ కొట్లోనే."

"పాతికేళ్ళు ఆ మాటన్న ప్రతివాణ్ణీ గెంటేశాను రా."

"నన్నూ గెంటెయ్యి. టైర్లు బిగించుకున్నాకే పోతాను."

బావ నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గునే ఒప్పుకోలు కింద తీసుకున్నాడు చిన్నోడు.

చిన్న వ్యాను నుంచి విప్పిన నాలుగు టైర్లు మూల పడి ఉన్నాయి. రిమ్ము సైజు ఒకటే, టైరు మాత్రం పొడుగు. జాకీ వేసి బిగిస్తుంటే బావ కుర్చీలోంచే పాఠం చెప్పాడు. టైరు రెండు వేళ్ళు పెద్దదైతే బండి లేచేది ఒక్క వేలేనట. రెండో వేలు పైకి పెరిగి మడ్‌గార్డు చోటు తినేస్తుందట. ఒక్క వేలు చాలన్నాడు చిన్నోడు. మంగళవారం ఆ బండ తన కొంప ముంచింది ఆ ఒక్క వేలితోనే.

స్టీరింగ్ చివరిదాకా తిప్పగానే టైరు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ తొడుక్కి తగిలి కీచుమంది. బావ జేబులోంచి సుద్దముక్క తీసి విసిరాడు. మడ్‌గార్డు లోపలి అంచుకీ, తొడుగుకీ సుద్ద దట్టంగా పట్టించి చక్రం తిప్పడం, సుద్ద ఎక్కడ చెరిగితే అక్కడ సరిచెయ్యడం ఆయన పద్ధతి. మనిషి కన్ను తనకి కావలసిందే చూస్తుందనీ, సుద్దకి ఎవరి మీదా అభిమానం లేదనీ అనేవాడు. అక్క మరిగిన నీళ్ళు తెచ్చింది. వాటిని పోసి తొడుగు మెత్తబడ్డాక చిన్నోడు లోపలికి నొక్కాడు. ఇనప అంచుకి చెక్క ఆనించి సుత్తితో కొట్టి మడిచాడు. నాలుగు చక్రాలకీ అదే తంతు. తొమ్మిదింటికి మొదలైన పని పదకొండైనా తెమల్లేదు.

ఖాళీ బండి అబద్ధాలకోరని బావ బరువులు పెట్టమన్నాడు. ఇసుక మూటలు, మనిషికింతని లెక్క. అక్క తన బరువు అరవై అంది.

"ఒరేయ్, అక్కడ ఇంకో మూట వెయ్యి," అన్నాడు బావ కళ్ళు మూసుకునే.

అక్క మూతి తిప్పింది. నాలుగు రోజుల్లో ఆ ఇంట్లో నవ్వులాంటిది అదొక్కటే. బరువు తగ్గాలని స్టెప్నీ కూడా దింపేశారు. మళ్ళీ చక్రం తిప్పితే సుద్ద ఎక్కడా చెరగలేదు.

ఇక ఆఖరి పరీక్ష మిగిలింది. ముందు చక్రం ఒకదాన్ని ఇటుకల మీదకెక్కించి, స్టీరింగ్ చివరిదాకా తిప్పి చూడాలి. రాళ్ళలో చక్రం ఒంటిగా పైకి లేస్తుంది, తగిలితే అప్పుడే తగులుతుంది. ఆ మాట చెబుతూనే బావ తల వాల్చేశాడు. ఊపిరి గొంతులో గురగురమంటోంది. చిన్నోడు గడియారం చూశాడు. పన్నెండు కావస్తోంది. ఇటుకలు వెనక దొడ్లో ఉన్నాయి. సుద్ద ఇన్నిసార్లు అవునన్నాక ఇంకోసారి అడగడమెందుకు అనుకున్నాడు. మూటలు దింపేశాడు.

బావని ముందు సీట్లో కూర్చోబెడుతుంటే ఆయన కళ్ళు తెరిచి, ఇటుకలు పెట్టావా అని అడిగాడు.

"పెట్టాను," అన్నాడు చిన్నోడు.

మంగళవారపు బండ వచ్చింది. చిన్నోడు బండిని మెల్లగా దాని మీదుగా పోనిచ్చాడు. బండ కారు కిందనుంచి చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. వెనక సీట్లో అక్క ముక్కు చీదింది. ఒక్క వేలు, అనుకున్నాడు చిన్నోడు, ఒక్క వేలెత్తున బతుకుతున్నాం.

అవతలి గట్టు ఇంకో అర కిలోమీటరు ఉందనగా దారి మెలి తిరిగింది. చిన్నోడు స్టీరింగ్ చివరిదాకా ఎడమకి తిప్పాడు. అదే క్షణంలో బావ వైపు చక్రం రాయెక్కింది. కర్రుమని చప్పుడు, వెంటనే రబ్బరు కాలిన వాసన.

దిగి చూశాడు. మడిచిన అంచులో ఒకచోట సరిగ్గా మడతపడని మొన ఉంది. అది టైరు పక్క గోడని జానెడు మేర కోసింది. కోతలో తెల్లటి దారాలు కనిపిస్తున్నాయి. చిన్నోడు రాళ్ళ మధ్య చతికిలబడ్డాడు. స్టెప్నీ లేదు. మోసేవాళ్ళు లేరు. పన్నెండూ నలభై అయింది.

"ఏడుపు తర్వాత," అన్నాడు బావ కిటికీలోంచి. "గుండ్రాయి ఒకటి తీసుకుని ఆ మొన కొట్టు. ఇకమీదట సగమే తిప్పు. వెనక్కి రా, మళ్ళీ సగం తిప్పు."

చిన్నోడు రాయితో కొట్టాడు. చేతి వేళ్ళు చితికాయి, మొన సగం వంగింది. అక్క దిగి చీర బిగించి, చక్రాల ముందున్న రాళ్ళు దొర్లిస్తూ నడిచింది. ఆమె చెయ్యెత్తితే ముందుకి, దించితే వెనక్కి. ఒక్క మలుపు తిరగడానికి పదకొండుసార్లు ముందుకీ వెనక్కీ పోయారు. ప్రతిసారీ చిన్నోడు చప్పుడు కోసం చెవి రిక్కించాడు. ప్రతిసారీ బావ పళ్ళు బిగించి డాష్‌బోర్డు పట్టుకున్నాడు.

తారురోడ్డు ఎక్కేసరికి ఒకటీ పది. అక్క అంబులెన్సుకి ఫోను చేసింది. గంటన్నర పడుతుందన్నారు. ఆసుపత్రి ముప్ఫై కిలోమీటర్లు.

చిన్నోడు దిగి మళ్ళీ టైరు చూశాడు. దారాల దగ్గర చిన్న బుడిపె లేచింది, ఏ క్షణానైనా పేలొచ్చు. వచ్చి కూర్చున్నాడు గానీ తాళం తిప్పలేకపోయాడు.

"బుడిపె లేచిందా?" అడిగాడు బావ.

"లేచింది."

"అలాంటి టైరుతో వచ్చినవాణ్ణి నా కొట్టు ముందు నిలబడనిచ్చేవాణ్ణి కాదు."

"బావా, నేను ఇటుకలు పెట్టలేదు."

"తెలుసు. టైరు చెప్పింది." ఊపిరి కూడదీసుకున్నాడు. "నడుపు. గుంటల్లో దింపకు. నేను నీ వైపు ఒరుగుతాను, ఆ చక్రం మీద బరువు కాస్తయినా తగ్గుతుంది."

ఉబ్బిన ఒళ్ళంతా మెల్లగా ఇటు జరిపి, తల తెచ్చి చిన్నోడి భుజం మీద పెట్టాడు. పాతికేళ్ళలో ఆ తల ఎవరి మీదా వాలగా చిన్నోడు చూడలేదు. తాళం తిప్పాడు. కారు కదిలింది. ఎడమ చక్రం తపతపమంటోంది, భుజం మీద బావ ఊపిరి గురగురమంటోంది. రెంటిలో ఏది ముందు ఆగుతుందో తెలియక, రెండు చప్పుళ్ళూ వింటూ, చిన్నోడు బండి నడిపాడు.