కిటికీకి అవతలి పక్క

కారు వెనక తలుపు ఇంకోసారి తెరిచి మూసింది ఆర్డెలా. మొదటిసారే సరిగ్గా పడిందని ముప్ఫై ఏళ్లుగా ఆ చప్పుడు వింటున్న చెవికి తెలుసు. అయినా చెయ్యి ఊరుకోలేదు. సందులో వేలికొన పైనుంచి కిందికి జార్చి, రబ్బరు అంచు నొక్కి చూసి, అద్దం మీద తట్టింది. అవతలి పక్కనుంచి జీనన్ కూడా తట్టాడు. రెండు పక్కలా బాగున్నట్టు గుర్తు. కారు కదిలింది. ఇంకోటి వచ్చింది.

హామ్‌ట్రామ్క్ ప్లాంటులో ఇంపాలా కార్లు ఆ రోజుతో సరి. ఇంత పొడుగు, ఇంత వెడల్పు సెడాన్లు ఇప్పుడెవరికీ అక్కర్లేదు; అందరికీ ఎత్తు బండ్లే కావాలి. మధ్యాహ్నానికల్లా ఆఖరిది వచ్చేస్తుంది.

ఏడేళ్ల కిందట ఈ మోడల్ మొదలైనప్పుడు ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టారు. కుడి తలుపులు ఆమెవి, ఎడమ తలుపులు అతనివి. మధ్యలో ఎప్పుడూ ఒక కారు. పిలుపులు ఇంటిపేర్లతోనే: ఆమె మేబ్రీ, అతను డుడెక్. మాటలన్నీ రెండు కిటికీల్లోంచి, నిమిషం నిమిషం ముక్కలుగా సాగేవి. భర్త విల్బర్ట్ పోయిన సంగతి ఆమె అతనికి మూడు కార్లలో చెప్పింది. నాలుగో కారుకి అతను తన తలుపు చాలా మెల్లగా మూశాడు.

"ఆ కాగితం ఇంకా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నావా, మేబ్రీ?"

ఇండియానాలో ట్రక్కుల ప్లాంటుకి వెళ్తుందో, పని మానేస్తుందో ఆ కాగితంలో గీత పెట్టి మధ్యాహ్నం రెండు గంటల్లోపు ఇవ్వాలి. వారం రోజులుగా నిద్ర లేదు. ఇంట్లో ఫ్రిజ్ తలుపు కూడా రెండేసి సార్లు వేస్తోంది.

"నీకేమయ్యా డుడెక్, రేపట్నుంచి రిటైరైపోయి చెల్లెలింట్లో చేపలు పట్టుకుంటూ కూర్చుంటావు."

"చెల్లెలింట్లో కాదు, సరస్సులో పడతాను."

కారు వెళ్లింది.

"మంగళవారం పండక్కి ఎన్ని పొంచ్కీ బన్నులు మింగావు?" అడిగింది ఆమె.

"నాలుగు."

"అబద్ధం."

"తొమ్మిది. జామ్ కారుతుంటే ఆగలేకపోయా. నిన్నట్నుంచి ఉపవాసాలు మొదలు. ఈస్టర్ దాకా నన్ను తిట్టకు, తల్లీ, ఓపిక లేదు."

ఆమె నవ్వింది. అతను వంగబోయి, కుడి తుంటి పట్టుకుని ఆగాడు.

"కూర్చునే పని అడగొచ్చుగా అని ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"నాలుగేళ్ల కిందట వాళ్లే ఇస్తామన్నారు. సీట్ల విభాగంలో."

"మరి వెళ్లలేదేం?"

కారు కదిలిపోయింది. తర్వాతిది వచ్చి ఆగేదాకా అతను చేతులు తుడుచుకుంటూ ఉన్నాడు.

"అక్కడ ఎదురుగా గోడ ఉంది."

ఆ కారుకి ఆమె అద్దం తట్టడం మరిచిపోయింది.

తర్వాత ఐదు కార్లు వెళ్లాయి. ఏదో ఒకటి అనాలి. ఏమనాలి? నోటిదాకా వచ్చింది ఒక్క కారులో పట్టేది కాదు. ఇంకో కారు, ఇంకో కారు అనుకుంటూనే ఆమె తలుపులు తెరిచింది, మూసింది.

"డుడెక్, అసలు నేను..."

అప్పటికే ఆఖరి కారు చుట్టూ జనం నడిచొస్తున్నారు. ఫోన్లు పైకెత్తారు. సూపర్‌వైజరు అందరినీ ఫొటోకి ముందుకు పిలిచాడు. ఎవరో ఆమె భుజం మీద చెయ్యి వేసి లాక్కెళ్లారు. ఆమె మూడుసార్లు నవ్వి, వెనక్కి తిరిగి వెతికింది.

"జీనన్ వెళ్లిపోయాడమ్మా," అన్నాడు సూపర్‌వైజరు. "మంచు పడుతోందిగా, దారి దూరం. నువ్వు నవ్వుతుంటే పిలవొద్దన్నాడు."

కారు వెళ్లిపోయింది. దాని వెనక ఏమీ రాలేదు.

ఏడేళ్లలో ఎన్నడూ దాటని అవతలి పక్కకి ఆమె నాలుగు అడుగుల్లో దాటింది. అతని బల్ల మీద కాగితం పరిచి, ఇండియానా అని ఉన్న గడిలో గీత పెట్టింది. ఈ చేతులతో ఇంట్లో కూర్చోవడం తనవల్ల కాదు. సంతకం చేసి, కలం జేబులో పెట్టుకుని కిందికి చూసింది.

అతను నిలబడే నల్ల రబ్బరు పట్టా మీద రెండు పాదాల మేర గుంటలు పడి ఉన్నాయి. ఎడమది లోతుగా, కుడిది పైపైన, రెండూ ఆమె కిటికీ వైపుకే తిరిగి.