కోటు మీద సున్నం

మా మహలాలో, అంటే ఊరి చివర మావాళ్లుండే పేటలో, ప్రతి ఇంటి తలుపు వెనకా ఒక కాగితం అంటించి ఉంటుంది. అది రాసింది నేనే. పోలీసులొస్తే ఏం చేయాలో అందులో ఏడు మాటలుంటాయి. పేరు అడగండి, చొక్కా మీది నంబరు చూడండి, చదవకుండా సంతకం పెట్టకండి, ఇలాంటివి. నాలుగోది ఇది: "దెబ్బలు తిన్న మనిషి ఒంటి మీది బట్టలు ఉతకొద్దు, పారేయొద్దు, సంచిలో పెట్టి దాచండి." ఆస్పత్రికీ మహలాకీ మధ్య తిరిగే ఆరోగ్య కార్యకర్తని నేను. చదవడం రాని ముసలమ్మలకు ఈ మాట పన్నెండేళ్లుగా నోటితో చెబుతూ వస్తున్నాను.

ఆ నేనే మా అన్న కొడుకు కోటు కాల్చేశాను.

యాంకుకి ఇరవయ్యారేళ్లు. మా అన్న గ్రాంచాకి ఒక్కడే కొడుకు. రాగి కాగులు చేయడంలో తండ్రిని మించినవాడు. ఈస్టర్‌కి వారం ముందు, ఒక మధ్యాహ్నం, స్నేహితుడు సొరినెల్‌తో కలిసి రైలు కట్ట అవతలికి కట్టెలు ఏరుకోవడానికి వెళ్లాడు. సాయంత్రానికి ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. పోలీసుల్ని చూసి పారిపోతూ కట్ట మీంచి పడి చనిపోయాడని వాళ్ల కాగితం చెప్పింది. అవి పడితే తగిలే దెబ్బలేనని డాక్టరు రాశాడు. తను ముందే పారిపోయాననీ, ఏమీ చూడలేదనీ సొరినెల్ అన్నాడు.

ఆస్పత్రివాళ్లు బట్టలు సంచిలో పెట్టి ఇచ్చారు. మా వంశంలో పోయినవాడి వస్తువు ఏదీ ఇంట్లో ఉంచరు. ఉంచితే వాడు దాని కోసం తిరుగుతూనే ఉంటాడు. పూడ్చిపెట్టిన మర్నాడు పెరట్లో మంట వేశాం. మా వదిన సల్వీనా ఒక్కొక్కటీ అందిస్తుంటే నేను మంటలో వేశాను. నల్ల తోలు కోటు చేతికొచ్చినప్పుడు దాని వీపు మీద, భుజాల మధ్య, తెల్లటి మరక కనిపించింది. అడ్డంగా గీతలు గీతలుగా ఉంది. దుమ్మనుకున్నాను. కాదు, అబద్ధమెందుకు, ఏమీ అనుకోలేదు. ఆ పూట నా బుర్ర నా దగ్గర లేదు. బిడ్డ హాయిగా వెళ్లిపోతే చాలనుకున్నాను. మంటలో వేసేశాను.

రెండు రోజుల తర్వాత, గురువారం, యాంకుకి న్యాయం కావాలని పదమూడుమందిమి పోలీస్ స్టేషన్ ముందు నిలబడ్డాం. పండగకని వారం కిందే ప్రహరీకీ చెట్ల మొదళ్లకీ సున్నం కొట్టించారు. కొట్టిన మనిషి సగం నేల మీదే ఒలకబోశాడు. ఆ సున్నం తొక్కుకుంటూ పోలీసులు లోపలికీ బయటికీ తిరిగారు. మెట్ల మీద ఎండిపోయిన తెల్లటి బూటు అచ్చులు. అడ్డంగా గీతలు గీతలుగా ఉన్నాయి.

నేను కాల్చేసిన కోటు వీపు మీది గీతలు అవే. పై కిటికీలోంచి ఎవడో "కావ్, కావ్" అని కూశాడు. నల్లగా ఉంటామని మమ్మల్ని ఈ ఊళ్లో కాకులనే పిలుస్తారు. గుమ్మంలో నిలబడ్డ పోలీసు నవ్వాడు.

"ఏం జాంఫీరక్కా, ఇవాళ పదమూడు కాకులేనా? మిగతావి చెత్తకుండీల దగ్గరున్నాయా?"

మామూలుగా నా నోరు ఊరుకోదు. ఆ రోజు వాణ్ణి వదిలేసి పక్కకి వచ్చాను.

నగరంలో ఉన్న మా లాయరు ఒవీదియాకి ఫోన్లో బూటు అచ్చుల సంగతీ, కోటు మీది మరక సంగతీ చెప్పాను. విని ఎగిరి గంతేసినంత పని చేసింది.

"కోటు జాగ్రత్త జాంఫీరా గారూ! ఎవరినీ ముట్టుకోనివ్వకండి. నేను రేపే వస్తున్నా."

"కోటు లేదమ్మా."

"లేదంటే? ఎవరు తీసుకెళ్లారు?"

"కాల్చేశాం. నేనే కాల్చాను."

ఒవీదియా ఫైలు సంగతి మెల్లగా చెప్పింది. వచ్చే నెలాఖరులోగా కొత్త సాక్ష్యం ఏదీ రాకపోతే ప్రాసిక్యూటరు ఫైలు మూసేస్తాడట. తిట్టినా బాగుండేది.

వదినకి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ విని లేచి వెళ్లిపోయింది. మూడు రోజులు నా మొహం చూడలేదు. నాలుగో రోజు వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఆ కోటు కుట్టినవాడు ఇంకా ఉన్నాడా?"

"ఉన్నాడు వదినా."

"అచ్చం అలాంటిదే కుట్టించు. పొమానాకి కావాలి. తొడుక్కునేది సొరినెల్."

నలభయ్యో రోజు పెట్టే విందుని మేం పొమానా అంటాం. పోయినవాడి వయసూ ఒడ్డూపొడుగూ ఉన్నవాణ్ణి ఒకణ్ణి ఎంచి, తల నుంచి కాళ్ల దాకా కొత్త బట్టలు తొడుగుతాం. ఆ పూటంతా వాణ్ణి పోయినవాడి పేరుతోనే పిలుస్తాం. మొదటి ముద్ద వాడిదే. ఆ బట్టలు తొడుక్కోమని అడిగితే ఎవరూ కాదనకూడదు. ఆ బట్టల్లో ఉండగా అబద్ధమాడితే పోయినవాడి నోట అబద్ధం పలికించినట్టే. అంత పాపానికి మాలో ఎవరూ ఒడిగట్టరు.

మా అన్న మాత్రం ఈ గొడవలేవీ పట్టించుకోలేదు. మేం ప్రతి గురువారం స్టేషన్ ముందు నిలబడుతున్నా ఒక్కసారి కూడా రాలేదు. రమ్మంటే సుత్తి ఆపకుండానే కసురుకున్నాడు.

"నీ కాగితాలు నా కొడుకుని కాపాడాయా? ఆ ఏడు మాటలూ వాడికి కంఠతా వచ్చు. పో ఇక్కణ్ణుంచి."

నేను వచ్చేశాను.

పొమానా నాటికి నెలాఖరు ఇంకా నాలుగు రోజుల్లో ఉంది. మిట్టమధ్యాహ్నం పెరట్లో బల్లలు వేశాం. క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం, చేప, ఉడికించిన తీపి గోధుమ. సొరినెల్ కొత్త తోలు కోటులో బల్ల మొదట కూర్చున్నాడు. వెనక నుంచి చూస్తే యాంకే. నేను అటు వెళ్లలేకపోయాను.

"తిను యాంకూ," అంది వదిన.

వాడు చెంచా ఎత్తి దించాడు.

"కొత్త కోటు బిగుతైందేమో, ఓ గుండీ విప్పరా, లోపలికి దారి దొరుకుతుంది," అన్నాడు ముసలి తొదోర్. నలుగురు నవ్వారు.

"తినలేను పిన్నీ."

"పిన్నేమిట్రా? ఇవాళ నేను నీ అమ్మని. అమ్మతో చెప్పు, ఎందుకు తినలేవు?"

సొరినెల్ కళ్లు నా వైపు తిరిగాయి. నన్నేం చేయమంటావన్నట్టు చూశాడు. తర్వాత తల దించుకుని మాట్లాడాడు.

"నేను ముందు పారిపోలేదు. కట్ట కింది తూములో దాక్కున్నా. అరుస్తానేమోనని టోపీ నోట్లో కుక్కుకున్నా. మర్నాడే ఆ పోలీసులు మా ఇంటికొచ్చారమ్మా. నా చిన్నదాన్ని ఎత్తుకుని ముద్దాడారు. ఎంత ముద్దుగా ఉందో, పాపం తండ్రి లేకుండా ఎలా పెరుగుతుందో అన్నారు."

వదిన చేతిలోని గరిటె బల్ల మీద పెట్టింది.

"ఏం చేశారు నిన్ను?" అంది వదిన. కొడుకుని అడిగినట్టే అడిగింది.

వాడు లేచి, బల్లకి ఇవతలగా వచ్చి, మట్టిలో బోర్లా పడుకున్నాడు. చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. మొహం నేలకి ఆనించాడు.

"ఇలా. ఎవరైనా కాలు పెట్టండి, ఎక్కడో చెప్తా."

నేను ముందుకి కదిలాను. ముసలమ్మలు హాహాకారాలు చేశారు. మగవాడి బట్ట మీద ఆడది కాలు పెడితే మాలో అంతకంటే మైల లేదు, అందులోనూ పోయినవాడి బట్ట. నేను ఆగిపోయాను. అప్పుడు కొలిమి దగ్గర నుంచి మా అన్న వచ్చాడు. విందుకి కూడా కూర్చోకుండా అక్కడే ఉన్నాడు. బూట్ల నిండా బూడిద.

"ఎక్కడ?"

"ఇంకా పైన బాబాయ్. భుజాల మధ్య."

అన్న కాలు పెట్టాడు. నేను ఫోన్ తీసి వీడియో పట్టాను.

"రెండోవాడు చేతులు విరిచి పట్టుకున్నాడు," అన్నాడు సొరినెల్ నేల మీంచి. "కాలు పెట్టినవాడు సిగరెట్ వెలిగించాడు."

"ఎంతసేపు?"

"అది అయిపోయేదాకా."

తొదోర్ వేళ్ల మధ్య అప్పుడే వెలిగించిన సిగరెట్ ఉంది. అందరం దాన్నే చూశాం. ఆయన పీల్చలేదు, పారేయలేదు. అది తనంతట తనే కాలుతూ వచ్చింది. మా అన్న బరువు వేయలేక, తీయలేక, కాలు అలాగే ఉంచాడు.

"అరిచాడా?" అన్నాడు అన్న.

"మొదట అరిచాడు బాబాయ్. తర్వాత ఊపిరి లేదు."

సిగరెట్ తొదోర్ వేళ్లని చురుక్కుమనిపించింది. అన్న కాలు తీసి పక్కనే కూలబడ్డాడు. కోటు మీద బూడిద అచ్చు పడింది. వదిన వంగి, ఆ అచ్చుకి తగలకుండా, సొరినెల్ తల నిమిరింది.

సోమవారం ఒవీదియాతో కలిసి నలుగురం ప్రాసిక్యూటరు దగ్గరికి వెళ్లాం. ఆయన కోటు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది కొత్తది. ఇది పనికిరాదు."

"కోటు పక్కన పెట్టండి సార్. వీడు చెప్పేది రాసుకోండి," అన్నాడు మా అన్న.

మూడు పేజీలు రాసుకున్నారు. అసలు కోటు ఎవరు కాల్చారని అడిగారు. నేనని చెప్పాను, అదీ రాసుకున్నారు. ఫైలు మూయలేదు, అంతే. ఆ వారమే సొరినెల్ ఇంటి కిటికీలు పగిలాయి. వాడు పెళ్లాం పిల్లల్ని దూరాన ఉన్న అక్క ఇంటికి పంపేశాడు. ఆ ఇద్దరు పోలీసులూ ఇప్పటికీ అదే స్టేషన్లో ఉద్యోగం చేస్తున్నారు. గురువారాలు మా అన్న కూడా వస్తున్నాడు. కిటికీలోంచి కాకి కూతలు ఆగలేదు.

మొన్న ఆ కాగితాన్ని మళ్లీ అచ్చు వేయించబోయాను. నాలుగో మాట కింద ఒక వరస కలిపాను. వదినకి చదవడం రాదు, అందుకని చదివి వినిపించాను.

"మన ఆచారమైనా సరే, కాల్చొద్దు. నేను కాల్చాను. ఇట్లు జాంఫీరా."

వదిన ఆ వరస మీద వేలు పెట్టింది.

"ఒక్కొక్కటీ నీ చేతికి అందించింది నేను," అంది. "నా పేరు కూడా రాయి."

రాశాను.