కామాక్షి అడిగిన ప్రశ్న

వాకాడు అవతల రొయ్యల కంపెనీలో నేను ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. నవ్వబాకండి, నిజమే. రొయ్యలు కొనే పరదేశపు దొరసాని ఏడాదికొకసారి వచ్చి, షెడ్డులో ఆడోళ్ళని నాలుగు ప్రశ్నలు వేసి పోతుంది. గ్లవుజులు ఇస్తున్నారా, సెలవులు ఇస్తున్నారా, ఇట్టాంటివి. తడుముకోకుండా జవాబు చెప్పేట్టు వాళ్ళని తయారుచేయడం నా పని. నా ట్యూషన్ సెంటరు మూతబడి రెండేళ్ళు. మేనేజరు నరేంద్రబాబు పిలవంగానే ఎగురుకుంటా పోయినా. జవాబులు నేర్పు, ప్రశ్నలు నేర్పబాక అన్నాడాయన.

రొయ్యల తలలు తీసే కామాక్షి, క్లాసు అయిపోయినా కదిలేది కాదు. పోయినేడు అమ్మోనియా గ్యాసు లీకైనప్పుడు, పని మధ్యలో ఎవరూ బయటికి పోకుండా షెడ్డు తలుపుకి తాళం వేసుండారు. లోపల చిక్కుకున్నోళ్ళలో ఆమె కూతురు వినీల ఒకతి. పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఇప్పుడు బిందెడు నీళ్ళు మోయలేదు, ఆయాసంతో కూర్చునే నిద్రపోతుంది. మద్రాసులో వైద్యం చేయిస్తే బాగుపడుతుందని డాక్టరు చెప్పినాడు. కంపెనీ మాత్రం ఖర్చు పెట్టుకోకుండా, ఆ రోజు ఆ పిల్ల పనికే రాలేదంది.

దొరసానిని అడిగి తీరాలని కామాక్షి పంతం. మేనేజరు మధ్యలో నిలబడి తెలుగుని ఇంగ్లీషు చేస్తే తన మాట అటు చేరదని ఆమెకి తెలుసు. అందుకే ఇంగ్లీషులోనే అడుగుతానంది. తలుపుకి తాళం ఎందుకు వేసినారు? అంతే, ఒక్క ముక్క.

మొదట నిజంగానే నేర్పినా. అడిగేటప్పుడు 'డిడ్' ముందుకొస్తుందనీ, అయిపోయినదానికి ఒక కాలం, జరుగుతా ఉన్నదానికి ఇంకో కాలం అనీ చెప్పినా. ఆమె కాసేపు ఆలోచించింది. తాళం వేసింది అయిపోయింది, పిల్లకి ఆయాసం ఇంకా అయిపోలేదు, దాన్ని ఏ కాలంలో చెప్పాల సార్ అంది. పాతికేళ్ళ ట్యూషన్లలో అంత సూటిగా అడిగినోళ్ళు నాకు తగల్లేదు. ఎప్పుడో మొదలై ఇంకా సాగేదానికీ ఒక కాలం ఉందమ్మా, అది రేపు చెప్తా అన్నా.

ఈ సంగతి ఎవరు మోసినారో, మర్నాడు నరేంద్రబాబు పిలిచి టీ ఇప్పించినాడు. తిట్టలేదు. షెడ్డులోంచి ఒక్క ప్రశ్న లేచినా నువ్వు ఇంటికే అన్నాడు. ఛీ, నా బతుకు. ఆ టీ చుక్క మిగల్చకుండా తాగొచ్చినా.

ఆ సాయంత్రం తెలుగు అక్షరాల్లో కామాక్షికి ఒక వాక్యం రాసిచ్చినా. 'వుయ్ ఆర్ గ్రేట్‌ఫుల్ టు ది కంపెనీ, మేడమ్.' కంపెనీకి రుణపడి ఉన్నామని దాని అర్థం. ముందు డిడ్ లేదేంది సార్, లాక్ అన్న మాట కూడా లేదే అంది. పెద్దోళ్ళని మర్యాదగా అడిగే పద్ధతి ఇదేనమ్మా అన్నా. నా మొహంలోకి ఒకసారి చూసి నమ్మింది. బిడ్డకి ముందే ఆశ పెట్టకూడదని ఇంట్లో చదవకుండా, పనికొచ్చే దారంతా వల్లెవేసుకుంది.

దొరసాని వచ్చింది. కామాక్షి వరసలోంచి ముందుకు పోయి, ఒక్క తప్పు లేకుండా చెప్పింది. చెప్తుంటే కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారినాయి. దొరసాని కళ్ళు కూడా చెమ్మగిల్లినాయి. కామాక్షి చేతులు రెండూ పట్టుకుని ఫోటో తీయించుకుంది. నరేంద్రబాబు చప్పట్లు కొట్టినాడు. నేనూ కొట్టినా.

మర్నాడు పొద్దున్నే కామాక్షి మా ఇంటికొచ్చింది. వెనక అయిదుగురు ఆడోళ్ళు, అందరూ ఆ రోజు గ్యాసు మింగినోళ్ళే. మద్రాసు పోయేదానికి వినీల గుడ్డలు సర్దిపెట్టిందంట.

"ఆయమ్మ ఏడ్చింది సార్. ఇంక జవాబు వచ్చేస్తది. వీళ్ళకి కూడా ఆ ప్రశ్న నేర్పించండి, వచ్చే ఏడు అందరం కలిసి అడుగుతాం."

నిజం చెప్పేదానికే లేచినా. చాక్‌పీసు తీసుకుని పాత ట్యూషన్ బోర్డు మీద మళ్ళీ ఆ 'గ్రేట్‌ఫుల్' వాక్యమే రాసినా. ఆరుగురూ గొంతు కలిపి చదివినారు.