లేపేది లేదు

"మళ్ళీ నీవల్లే చచ్చాం" అంటూ క్రాసిమిర్ హెడ్‌ఫోన్లు బల్ల మీద విసిరికొట్టాడు.

పెర్నిక్ ఊళ్ళోని ఆ కంప్యూటర్ ఆటల క్లబ్బులో ఎప్పుడూ ఇదే తంతు. గాలి వచ్చే చోట మెత్తటి కుర్చీలు కత్తిగాళ్ళవి. మరుగుదొడ్డి పక్కన కాళ్ళూగే కుర్చీలు వైద్యులవి. ఆటలో కత్తిగాళ్ళు రాక్షసుల్ని నరుకుతారు. వైద్యులు వాళ్ళ గాయాలు మాన్పుతారు, చచ్చిపడ్డవాళ్ళను లేపుతారు. పడ్డవాడి తెరమీద 'లేస్తావా?' అన్న ప్రశ్న వస్తుంది, వాడు 'అవును' నొక్కితే లేస్తాడు, 'కాదు' నొక్కితే అక్కడే పడుంటాడు. గెలిస్తే కత్తి గొప్ప, ఓడితే వైద్యుడి తప్పు.

రుమెన పగలంతా బనిత్స రొట్టెల కొట్లో పిండి పిసికి, సాయంత్రం ఇక్కడికొచ్చి వీళ్ళ ప్రాణాలు కాపాడుతుంది. ఆ వారమే ఆట నడిపే కంపెనీ దాన్ని సవరించింది. వైద్యుల మందు సగానికి సగం తగ్గింది, కత్తులు ఇంకా పదునెక్కాయి. దానికి సమతూకమని పేరు పెట్టారు, సిగ్గులేకుండా.

"నా శక్తి నిండేదాకా ఆగమన్నాను. ఆగావా?" అంది రుమెన.

"ఆగడానికి నేనేమన్నా బస్సు కోసం నిలబడ్డానా? చేతకాకపోతే చెప్పు. రేపటి పెద్దవేటకి నీ చోటు ఇంకొకరికిస్తా."

అదే ఆమె భయం. దళానికి నాయకుడు అతనే. దళంలో చోటు పోతే, ఆటలో ఏళ్ళ తరబడి పెంచుకున్న ఆ వైద్యురాలు ఒంటరిగా అడవిపందిని కూడా చంపలేదు. ఆమెకు ఆట ముగిసినట్టే.

వైద్యులంతా బయట మెట్ల మీద చేరారు. పొద్దుతిరుగుడు గింజల పొట్టు నేలంతా ఉమ్ముతూ వాదులాడుకున్నారు.

"ఎన్ని అర్జీలు పెట్టాం? కంపెనీ చెవికెక్కిందా?" అంది కాలేజీ పిల్ల జ్ద్రావ్కా. "మానేసి పోదాం అక్కా."

"పోతే పీడ పోయిందనుకుంటారు" అంది రుమెన. "వేటకి వెళ్దాం. మందు మాత్రం వెయ్యొద్దు."

"కత్తిగాళ్ళు మనల్ని పచ్చిగా తింటారు."

"ఇప్పుడు ఉడకబెట్టి తింటున్నారా?"

అందరూ నవ్వారు. వార్నా, రూసె ఊళ్ళలో ఆడే వైద్యులకు కూడా కబురు వెళ్ళింది.

మర్నాడు వేటలో క్రాసిమిర్ అలవాటుగా ఎవరికోసమూ ఆగకుండా అగ్నిసర్పం మీదికి ఉరికాడు. అతని వెనకే అందరూ ఉరికారు. తెరమీద వైద్యులు చేతులు కట్టుకుని గడ్డిలో కూర్చున్నారు. కత్తిగాళ్ళు వరసగా కూలారు.

"లేపవే రుమెనా, ఏం చేస్తున్నావ్?"

"నీ కత్తి మొద్దుబారితే కంపెనీతో పోట్లాడతావు. నా చేయి సగం విరిచారు, ఏమైందని ఒక్కసారి అడిగావా?"

అంతలో వేట చూడటానికి వచ్చిన కంపెనీ పెద్ద, బంగారు అంగీతో ఆటలోని మైదానంలోకి దిగాడు. లేచి పని చెయ్యండి, లేకపోతే ఖాతాలు మూసేస్తానన్నాడు. రుమెన రాసింది: "సగం మందు మాకొద్దు. మందు తిరిగి వచ్చేదాకా లేపేది లేదు."

ఆమె తెర నల్లబడింది. ఇన్నేళ్ళ వైద్యురాలు మాయమైపోయింది. రుమెనకు ఏడుపొచ్చింది, ఏడుపుకన్నా ముందు ఒళ్ళు మండింది.

"నన్ను ఇన్నాళ్ళూ లేపిన మనిషిని తుడిచెయ్యడానికి వీడెవడు?" అన్నాడు క్రాసిమిర్, మెల్లగా.

పడ్డవాళ్ళందరినీ తానే లేపుతానన్నాడు కంపెనీ పెద్ద. క్లబ్బులో ప్రతి కత్తిగాడి తెరమీదా ఒకేసారి ప్రశ్న వచ్చింది. లేస్తావా?

క్రాసిమిర్ మెత్తటి కుర్చీలో పక్కకు జరిగాడు. "ఇటు రా, ఇది నువ్వే నొక్కు" అన్నాడు.

రుమెన వచ్చి కూర్చుని 'కాదు' నొక్కింది. పక్కవాడూ అదే నొక్కాడు, వాడి పక్కవాడూ నొక్కాడు. కంపెనీ పెద్ద మళ్ళీ అడిగాడు. మైదానం నిండా పడున్న శవాలు మళ్ళీ కాదన్నాయి.